గూడు కదలని బొమ్మ: టెలిఫోటో కటకం కథ

బాపట్ల జిల్లాలో చీరాల ప్రక్కనున్న ఈపురుపాలెం పేరు చెప్పగానే చాలమందికి చేనేత మగ్గాలు గుర్తుకు వస్తాయి. ఆ ప్రాంతపు పొలాల మురుగునీటిని సముద్రానికి చేర్చే కాలువ కూడ అక్కడున్నది; దానిని స్ట్రెయిట్ కట్ అంటారు. ఇటువంటి కాలువ మొగల దగ్గర తెల్లవారుజామున కొంగలు ఒంటికాలిమీద నిలిచి ఉండడం తీరవాసులందరూ ఎరిగినదే. ఒక విద్యార్థి మామూలు కెమేరా తీసుకొని అక్కడికి వెళ్ళినాడనుకొందాము. నూరు మీటర్ల దూరం నుండి ఫోటో తీసి ఇంటికి వచ్చి చూచుకొంటే ఏమున్నది? ఇసుక, నీరు, నడుమ ఒక తెల్లని చుక్క.

ఆ చుక్క పరిమాణం లెక్కకట్టడం కష్టం కాదు. పెద్ద తెల్లకొంగ ఎత్తు సుమారు 90 సెంటీమీటర్లు. దూరపు వస్తువు ప్రతిబింబం ఎత్తు కావలెనంటే, వస్తువు ఎత్తును కటకపు నాభ్యంతరంతో గుణించి, దూరంతో భాగించవలెను. మామూలు కటకపు నాభ్యంతరం 50 మిల్లీమీటర్లు. అంటే ఫిల్ము మీద పడే కొంగ ఎత్తు 0.45 మిల్లీమీటరు మాత్రమే, ఆవగింజకన్న చిన్నది. దానిని ఎంత పెద్దది చేసి అచ్చువేసినా కన్ను, ముక్కు, ఈకల వరుస కనిపించవు. ఇక మిగిలినవి రెండే మార్గాలు: దూరమైనా తగ్గవలెను, నాభ్యంతరమైనా పెరగవలెను. పక్షుల ఛాయాచిత్రాల చరిత్ర అంతా ఈ రెండు మార్గాల మధ్య నడిచిన చరిత్రే.

మొదట మనుషులు పట్టినది దూరం తగ్గించే మార్గం. ఇంగ్లండులో రిచర్డ్, చెర్రీ కేర్టన్ అనే అన్నదమ్ములు 1892లో గుడ్లున్న పక్షిగూటిని ఫోటో తీసి పేరుపొందినారు. పక్షులు బెదరకుండా దగ్గరకు చేరడానికి వారు పన్నిన ఉపాయాలు చెప్పుకొంటే నవ్వు వస్తుంది. ఎద్దు చర్మంతో బోలు బొమ్మ చేసి, దాని కడుపులో కెమేరాతో కూర్చొని గంటల తరబడి ఎదురుచూచినారు! పక్షులకు మనిషిమీద ఉన్న అనుమానం ఎద్దుమీద లేదు.

మన దేశంలో ఆ రోజులలో అడవిమృగాల ఫోటోలు లేకపోలేదు. సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్‌కు ఆస్థాన ఛాయాచిత్రకారుడు. వేట బృందాలను ఆయన చక్కగా చిత్రించినాడు. కాని వాటిలో పులి చచ్చి పడి ఉంటుంది, వేటగాళ్ళు తుపాకులతో నిలిచి ఉంటారు. మెల్లగా పనిచేసే నాటి ప్లేటుకు కదలని పులి ఎంతో అనుకూలం.

రెండవ మార్గం, అనగా నాభ్యంతరాన్ని పెంచడం, 1891లో తెరుచుకొన్నది. లండనులో డాల్‌మేయర్, జర్మనీలో మీటే, స్టైన్‌హైల్ ఇంచుమించు ఒకే కాలంలో టెలిఫోటో కటకాన్ని రూపొందించినారు. ఎవరు ముందు అన్న వాదం కూడ జరిగినది. నాభ్యంతరం ఎక్కువైన కటకం అంతకుముందు లేదా అని పాఠకులు అడుగవచ్చును. ఉన్నది. కాని 400 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల ఒంటి కటకం కావలెనంటే, దూరపు వస్తువుకోసం కటకానికీ ప్లేటుకూ మధ్య 400 మిల్లీమీటర్ల పొడవు గొట్టం కావలెను. అందులోని చిక్కును తీర్చినదే టెలిఫోటో నిర్మాణం.

దాని కిటుకును పదవ తరగతి విద్యార్థి నల్లబల్లమీద చేసి చూడవచ్చును. ముందువైపు 200 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల కుంభాకార కటకాన్ని, దాని వెనుక 150 మిల్లీమీటర్ల దూరంలో 100 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల పుటాకార కటకాన్ని ఉంచుదాము. మొదటి కటకం కిరణాలను వేగంగా ఒకచోటికి చేర్చబోతుంది. రెండవది వాటిని కొంత విప్పి, నెమ్మదిగా చేరేటట్లు చేస్తుంది. సూత్రం ప్రకారం లెక్కిస్తే ఈ జంట నాభ్యంతరం 400 మిల్లీమీటర్లు. ప్రతిబింబమో, పుటాకార కటకానికి వెనుక 100 మిల్లీమీటర్ల దూరంలోనే ఏర్పడుతుంది. అనగా మొత్తం పొడవు 250 మిల్లీమీటర్లు. ఫలితం 400 మిల్లీమీటర్లది. నిజమైన కటకాలలో రంగుల దోషం మొదలైనవి పోగొట్టడానికి మరికొన్ని గాజులు చేరుస్తారు గాని, మూలసూత్రం ఇదే. గెలీలియో దుర్భిణికి ఇది దగ్గరి బంధువు.

అయితే ఈ కటకం వచ్చిన మరునాడే పక్షులు ఫోటోలలోకి దిగిరాలేదు. ప్రతిబింబం పెద్దదైనకొద్దీ అదే వెలుగు ఎక్కువ చోటుమీద పరుచుకొని పలుచబడుతుంది. 50 మిల్లీమీటర్ల కటకానికి 25 మిల్లీమీటర్ల ద్వారం, 400 మిల్లీమీటర్ల కటకానికి 50 మిల్లీమీటర్ల ద్వారం ఉన్నవనుకొంటే, రెండవదాని వెనుక వెలుగు పదహారవ వంతు మాత్రమే. కాబట్టి ప్లేటును పదహారు రెట్ల కాలం తెరచి ఉంచవలెను. మరొక ప్రక్క, చేతి వణుకు కూడ బొమ్మతోపాటే ఎనిమిది రెట్లు పెరుగుతుంది. కదలిక పెద్దదైనప్పుడు కాలం తక్కువ కావలెను. ఈ కటకమో ఎక్కువ కాలం అడుగుతుంది! అందుచేత తొలిరోజులలో టెలిఫోటో కటకం దూరపు కొండలకు, గోపురాలకు ఎక్కువగా ఉపయోగపడినది. అవి ఎగిరిపోవు గదా.

తూర్పు ఆఫ్రికాలో జర్మన్ యాత్రికుడు షిల్లింగ్స్ పగలు టెలిఫోటోతోను, రాత్రి మెరుపుదీపంతోను మృగాలను చిత్రించి 1905లో గ్రంథం ప్రకటించినాడు. మన దేశపు ఉత్తర అడవులలో ఛాంపియన్ అనే అటవీ అధికారి వేరొక దారి త్రొక్కినాడు. పులి నడిచే బాటలో తీగ కట్టినాడు. పులి కాలు తగలగానే కెమేరా తనంతట తాను పనిచేసేది. ఆయన పుస్తకం 1927లో వచ్చినది. వేగంగా పనిచేసే ఫిల్ములు, కటకం గుండా నేరుగా చూపే రిఫ్లెక్స్ కెమేరాలు వ్యాపించిన తరువాతనే టెలిఫోటో పక్షిప్రియుల చేతికి నిజంగా అందినది. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ వంటి కెమేరాల పాత్ర ఇందులో పెద్దది.

ఇంత శ్రమ ఎందుకంటే, గూటివద్ద దూరమన్నది ప్రాణంతో సమానం. గూడబాతునే తీసుకొందాము. నీరు తోడే గూడను పోలిన సంచి ముక్కుక్రింద వ్రేలాడుతుంది గనుక ఆ పేరు దానికి అతికినట్లుంటుంది. మనిషి గూళ్ళ నడుమకు వెళితే తల్లిపక్షులు లేచిపోతాయి. మన ఎండలో నీడలేని గుడ్లు, ఈకలు రాని పిల్లలు కొద్దిసేపటికే దెబ్బతింటాయి. కాకులు, గద్దలు ఆ అదనుకోసమే కాచుకొని ఉంటాయి. ఫోటో బాగానే వస్తుంది, గూడు మాత్రం పాడవుతుంది.

ఈ పక్షి చరిత్ర మన రాష్ట్రంలో కొంత విషాదంగానే నడిచినది. 1902లో కడప జిల్లా బుచ్చుపల్లె వద్ద గూళ్ళు కనుగొన్నారు. ఆ స్థావరం మళ్ళీ ఎవరికీ చిక్కలేదు. 1946లో కె. కె. నీలకంఠన్ కొల్లేటి ప్రాంతంలో ఇంచుమించు మూడువేల గూడబాతుల స్థావరాన్ని చూచి, 1949లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రికలో వివరంగా వ్రాసినాడు. తరువాత ఇందుచూడన్ అనే పేరుతో కేరళ పక్షులను గురించి మలయాళంలో గ్రంథం వ్రాసినది ఈయనే. 1960లో ఇ. పి. గీ అదే పత్రికలో గూడబాతుల సంతానోత్పత్తిని వర్ణించినాడు. 1975 ప్రాంతానికి కొల్లేటి స్థావరం అంతరించినది. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువులో మాత్రం గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఊరి నడుమనే గూళ్ళు కట్టి మనుషులకు అలవాటుపడినవి. అక్కడ గట్టుమీద నిలిచి పొడవైన కటకంతో పిల్లకు మేత పెట్టే దృశ్యాన్ని తీయవచ్చును. నీటిలోకి దిగవలసిన పని లేదు.

గట్టుమీద నుండి తీసిన ఆ ఫోటోనే నమ్మి పక్షులను లెక్కించబోయేవారు ఒక మోసాన్ని గమనించవలెను. దూరంనుండి చూచినప్పుడు ముందు చెట్టూ వెనుక చెట్టూ దాదాపు ఒకే పరిమాణంలో, ఒకదానిని ఒకటి ఒరసుకొన్నట్లు కనిపిస్తాయి. అందుచేత పలుచని గుంపు కూడ దట్టంగా తోస్తుంది. ఇది కటకపు దోషం కాదు, దూరపు లక్షణం. కటకం దానిని పెద్దదిచేసి చూపుతుంది, అంతే.

ఈపురుపాలెం ఇసుకమీద మరొక చిక్కున్నది. ప్రొద్దెక్కేసరికి ఇసుక కాగి, దానిపై గాలి పొరలు పొరలుగా వేడెక్కుతుంది. కాంతి వాటిలో వంకరలు పోయి, పక్షి అంచులు అలలాడుతాయి. ఎంత ఖరీదైన కటకమైనా ఈ అలలను కూడ కొంగతోపాటే పెద్దవి చేస్తుంది. సూర్యోదయపు వేళ, ఇసుక చల్లగా ఉన్నప్పుడే పని ముగించుకోవలెను. కెమేరాను ముక్కాలిపీటమీద నిలపడం, వీలైతే సెకనులో ఐదువందలవ వంతు కాలం వాడడం మంచిది. 1990 దశకం నుండి వణుకును సరిదిద్దే కటకాలు వచ్చినవి. అవి మన చేతి కదలికను ఆపుతాయి గాని పక్షి కదలికను కాదు.

ఏ పొడవైన కటకానికీ లొంగని పిట్ట కూడ మన రాష్ట్రంలో ఒకటున్నది: కలివికోడి. 1900 తరువాత దానిని చూచినవారు లేక, అంతరించినదనే అనుకొన్నారు. 1986 జనవరిలో కడప జిల్లా ముళ్ళపొదలలో స్థానికుడొకరు రాత్రిపూట దీపపు వెలుగులో పట్టిన పిట్టను చూచి భరత్ భూషణ్ దానిని గుర్తించినాడు. చీకటిలో పొదల నడుమ తిరిగే పక్షికి దూరంనుండి చూచే గాజుకన్ను ఏమి చేయగలదు? 2000 తరువాత జగన్నాథన్, ఆయన సహచరులు పొదల మధ్య మెత్తని మట్టి పట్టీలు పరచి అడుగుజాడలు వెదకినారు. ఎదుటికి ఏ ప్రాణి వచ్చినా తనంతట తాను పనిచేసే కెమేరాలను అక్కడ అమర్చినారు. ఛాంపియన్ పులిబాటలో కట్టిన తీగకు ఇవి మనుమలవంటివి. అవి ఫోటో తీసే వేళకు వెనుక మనిషే ఉండడు.