పిడికిట్లో ఇమడని ఇరుసు

1949 సెప్టెంబరు 13. పారిస్‌లో జాన్ డేవిస్ ఓ ఇనుప ఇరుసు ముందు వంగి నిలబడ్డాడు. అంతకుముందు ఏడాదే లండన్ ఒలింపిక్స్‌లో హెవీవెయిట్ బంగారు పతకం గెలిచిన అమెరికా లిఫ్టర్ అతను. 1938 నుంచి పెద్ద పోటీల్లో ఓటమన్నది ఎరగడు. నేల మీదున్న బరువు 166 కిలోలు. అంతకు మించి తలపైకి లేపిన మనిషికి అదేమంత లెక్కలోది కాదు. అయినా ఇరుసు భుజాల దాకా రాకుండానే వేళ్లలోంచి జారిపోయింది. మళ్లీ పట్టాడు. మళ్లీ జారింది.

నడుము సహకరించింది, కాళ్లు సహకరించాయి. వేళ్లే మొండికేశాయి. లిఫ్టర్లు వాడే మామూలు కడ్డీ మందం 28 మిల్లీమీటర్లు. ఈ ఇరుసుది దాదాపు 49. సన్న కడ్డీనైతే బొటనవేలిని లోపల పెట్టి, మిగతా వేళ్లతో దాన్నే బిగించి పట్టుకోవచ్చు. మన కరణం మల్లీశ్వరి దగ్గర్నుంచి పోటీల్లో ప్రతి లిఫ్టరూ పట్టే పట్టు అదే. ఇంత లావు ఇరుసు దగ్గర బొటనవేలు మిగతా వేళ్లను అందుకోదు. పైగా పోటీల కడ్డీకి చివర్లు విడిగా తిరుగుతాయి, ఇక్కడ చక్రాలు ఇరుసుకు బిగిసిపోయి ఉన్నాయి. ఎత్తే ఊపులో చక్రాలు తిరిగితే ఇరుసు కూడా వాటితోపాటు తిరిగి వేళ్లను విప్పేస్తుంది.

డేవిస్ చివరికి ఓ ఉపాయం పన్నాడు. ఒక అరచేయి తనవైపు, రెండోది బయటివైపు ఉండేలా పట్టుకుని పైకి గుంజాడు. ఇరుసు గాల్లో ఉన్న ఆ రెప్పపాటులో ఒక చేతిని వదిలి, తిప్పి, మళ్లీ పట్టుకుని భుజాల మీద ఆపుకున్నాడు. అక్కడి నుంచి తలపైకి నెట్టడం అతనికి నల్లేరు మీద నడకే.

ఆ చక్రాల అసలు యజమాని లూయీ యూనీ. 1862లో దక్షిణ ఫ్రాన్స్‌లోని మార్సియార్గ్‌లో పుట్టాడు. రంగస్థలం మీద అతని పేరు అపోలాన్. ఆరడుగులు దాటిన ఆజానుబాహువు. రైలు చక్రాల్లాంటి వాటికి ఇరుసు బిగించి, ప్రదర్శనల్లో ఎత్తి చూపేవాడు. వాటిని అతను పూర్తిగా తలపైకి ఎత్తాడా, భుజాల దాకానేనా అన్నది ఇప్పటికీ తేలని తగువు. 1928లో అతను పోయాక ఆ చక్రాలు ఒక సవాలుగా మిగిలాయి. 1930లో షార్ల్ రిగులో ఎత్తాడు, 1949లో డేవిస్, 1954లో నార్బర్ట్ షెమాన్‌స్కీ. ముగ్గురూ ఒలింపిక్ విజేతలే. షెమాన్‌స్కీ ఒకటికి మూడుసార్లు లేపాడు.

ఇంత బలవంతుల్నీ వేళ్లు ఎందుకు వదిలేస్తాయో ఇంట్లో కూర్చునే చూడొచ్చు. ఎడమచేత్తో కుడి ముంజేతిని మోచేతికి కాస్త కింద పట్టుకుని, కుడిచేతి వేళ్లు ముడిచి విప్పండి. చర్మం కింద కండరాలు కదులుతుంటాయి. వేళ్లను ముడిచే ప్రధాన కండరాలు వేళ్లలో ఉండవు. అవి ముంజేతిలో ఉంటాయి. వాటి స్నాయువులు మణికట్టులోని ఇరుకు సొరంగంలోంచి వేలి కొసల దాకా సాగుతాయి. ఇప్పుడు మణికట్టును పూర్తిగా లోపలికి వంచి పిడికిలి బిగించి చూడండి, బలం చాలదు. మణికట్టును కాస్త వెనక్కి వాలిస్తే అదే పిడికిలి గట్టిగా బిగుస్తుంది. కండరం మరీ కుంచించుకున్నా, మరీ సాగినా లాగే శక్తి తగ్గుతుంది. లావు కడ్డీ వేళ్లను తెరిచే ఉంచి, సాగి ఉన్న ఆ బలహీన స్థితిలోనే కండరాలతో పని చేయిస్తుంది.

ఈ కిటుకును వ్యాపారంగా మార్చినవాడు ఇంగ్లండుకు చెందిన థామస్ ఇంచ్. 1881లో స్కార్‌బరోలో పుట్టి, పోస్టులో వ్యాయామ పాఠాలు అమ్మి బతికాడు. అతని దగ్గర ఓ పోత ఇనుము డంబెల్ ఉండేది. బరువు 78 కిలోలు, పిడి మందం సుమారు 60 మిల్లీమీటర్లు. ఒంటిచేత్తో ఎత్తినవాళ్లకు 200 పౌండ్లు బహుమతి అని చాటించాడు. దశాబ్దాలు గడిచినా ఆ డబ్బు అతని జేబు దాటలేదు. ఇంచ్ మాత్రం ఎత్తి చూపేవాడు. చూడ్డానికి దానిలాగే ఉండి బరువు తక్కువున్న డంబెళ్లు కూడా అతని దగ్గర ఉండేవని తర్వాత బయటపడింది. ఏ రోజు ఏది ఎత్తాడో ఎవరికి తెలుసు! మనిషి దిట్టే, అందులో అనుమానం లేదు. కానీ అతను ముందు వ్యాపారి, తర్వాతే వస్తాదు అని నా అభిప్రాయం. అన్నట్టు ఆ డంబెల్ చేతులు మారుతూ కొన్నాళ్లు డేవిడ్ ప్రౌస్ దగ్గరుంది. 'స్టార్ వార్స్'లో డార్త్ వేడర్ నల్లకవచం తొడుక్కుని నడిచింది ఆయనే.

అదే కాలంలో యూజెన్ శాండో (మన శాండో బనియన్ ఆయన పేరు మీదుగా వచ్చిందే) స్ప్రింగుల డంబెల్ అమ్మాడు. పిడి నిలువునా రెండు ముక్కలు, మధ్యలో స్ప్రింగులు, నొక్కి పట్టుకుంటేనే కలుస్తాయి. 1905లో శాండో మన దేశానికి వచ్చి ప్రదర్శనలిచ్చాడు. మన కోడి రామ్మూర్తి నాయుడిది ఆ తరమే. వీరఘట్టం మనిషి, 'కలియుగ భీముడు'. ఛాతీ మీద ఏనుగు, ఛాతీకి బిగించిన గొలుసు తెగడం, ఇవే ఊరూరా చెప్పుకున్నారు. ఆయన ముంజేతుల ఊసు పెద్దగా వినిపించదు. కండల సంగతొస్తే ఛాతీ, దండలు తప్ప ఇంకేదీ మన కంటికి ఆనదు.

వైద్యులు మాత్రం పట్టును పట్టించుకున్నారు. పిడికిలి బలాన్ని కొలిచే డైనమోమీటర్‌ను ఫ్రాన్సులో రెన్యే అనే ఆయన 1798 నాటికే తయారుచేశాడు. 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఓ అధ్యయనం 17 దేశాల్లో దాదాపు లక్షా నలభై వేలమంది పట్టును కొలిచింది. అందులో మన దేశమూ ఉంది. పట్టు 5 కిలోలు తగ్గినకొద్దీ మరణించే అవకాశం 16 శాతం ఎక్కువగా కనిపించింది. అలాగని స్ప్రింగు నొక్కుతూ కూర్చుంటే ఆయుష్షు పెరుగుతుందని కాదు. పట్టు ఒంటి మొత్తం స్థితికి గుర్తు, అంతవరకే.

ముంజేయి పెంచాలనుకునే కుర్రాళ్లు జిమ్‌లో మణికట్టును పైకీ కిందికీ ఆడించడంతోనే ఆగిపోతారు. అదీ పనికొస్తుంది. కానీ అపోలాన్ ఇరుసు నేర్పేది వేరే. డంబెల్ పిడికి తువ్వాలు చుట్టండి. అలవాటైన బరువు లేవకపోవచ్చు, కంగారుపడొద్దు. లేపి, జారిపోయేదాకా పట్టుకుని నిలబడండి. రెండు చేతుల్లో బరువులు పట్టుకుని నడవడం, కడ్డీకి వేలాడటం, కర్రకు తాడుతో బరువు కట్టి మణికట్లతో చుట్టుకుంటూ పైకి తేవడం, అన్నీ ఈ బాపతువే. బరువు ఎక్కువెత్తాలని చేతికి పట్టీలు చుట్టుకునేవాళ్లు, ఆ పూట ముంజేతికి సెలవిచ్చినట్టే లెక్క. వేళ్లను ముడిచే కండరాలతో పాటు విప్పే కండరాలకూ పని ఉండాలి. వేళ్లకు రబ్బరు బ్యాండు వేసి బయటికి చాపితే చాలు.

వారానికి రెండు మూడుసార్లు మించొద్దు. కండరం పెరిగినంత వేగంగా స్నాయువు గట్టిపడదు. మోచేతి దగ్గర నొప్పి మొదలైతే తువ్వాలు విప్పేసి, తగ్గేదాకా ఆగాలి.