సైన్సు బీరువా తాళం

మనం చదువుకున్న రోజుల్లో సైన్సు బీరువాకు ఎప్పుడూ తాళమే. ఏదైనా పగిలితే జవాబు చెప్పాలని మాస్టారి భయం. నేను టీచరునయ్యాక నేనూ అదే తాళం వేశాను.

ఆ భయాన్ని పోగొట్టిన ప్రయత్నం మన దేశంలోనే జరిగింది. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలల్లో కొత్త సైన్సు బోధన మొదలైంది. 1978లో జిల్లా అంతటికీ విస్తరించింది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ ఆ బాధ్యత తీసుకుంది. పిల్లలు నలుగురేసి జట్లుగా కూర్చుని ప్రయోగాలు చేసేవారు. పరీక్షలో పుస్తకం తెరిచి చూసుకోవచ్చు. సైకిల్ వాల్వ్ ట్యూబు, అగ్గిపుల్లలతో అరవింద్ గుప్తా నమూనాలు చేసింది అక్కడే.

సామగ్రి కన్నా గొప్పది టీచర్ల శిక్షణ. శిబిరాల్లో ముందు వాళ్లే విద్యార్థులై ప్రయోగాలు చేసేవారు. ఆపైన నెలనెలా కలిసి, తరగతిలో ఎదురైన చిక్కులు చెప్పుకునేవారు. 2002లో ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ఆపేసింది.

ఇదంతా చదివాక నేను తాళం తీశాను. మొదటి నెలలోనే రెండు పరీక్షనాళికలు పగిలాయి. తర్వాత ఒకరోజు వెనక బెంచీ అమ్మాయి, "చిక్కటి నూనె పలచటి నీళ్లమీద ఎలా తేలుతుంది సార్?" అంది. వెంటనే జవాబు తోచలేదు. రెండూ సమానంగా కొలిచి, తరగతంతా కలిసి తూచి చూశాం.

స్వర్ణోత్సవ కానుకగా బడికి ప్రయోగశాల కట్టిద్దామంటున్నాం. సంతోషమే. చందాలో కొంత టీచర్ల నెలవారీ సమావేశాలకూ కేటాయిద్దాం. లేదంటే మనమిచ్చేది మరో తాళం వేసిన బీరువానే.