గడువు దాటిన దాంపత్యం: అమెరికా వలస చట్టాల్లో వివాహం, షరతులతో కూడిన శాశ్వత నివాసం - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
అమెరికా పౌరులను వివాహమాడిన విదేశీయులకు లభించే శాశ్వత నివాస హక్కు 1986 నుంచి రెండేళ్ల షరతుతో ముడిపడి ఉంది. ఆ షరతు తొలగింపునకు దరఖాస్తు చేసుకోవలసిన గడువు 90 రోజులు. ఈ గడువు దాటిపోవడాన్ని సాధారణంగా వ్యక్తిగత అజాగ్రత్తగా పరిగణిస్తుంటారు. వివాహం, పౌరసత్వం అనే రెండు వ్యవస్థల మధ్య సంబంధం 1855 నుంచి మారుతూ వచ్చిన తీరును పరిశీలించి, గడువు దాటడం వెనుక దంపతుల మధ్య అధికార సంబంధం ఎలా పనిచేస్తుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వివాహం, పౌరసత్వం, వలస చట్టం, షరతుల నివాసం, గడువు, తెలుగు ప్రవాసం.

1. ఉపోద్ఘాతం:
తెలుగువారి వ్యవహారంలో పెళ్లికీ, కాపురానికీ మధ్య ఒక వ్యవధి ఉంది. పెళ్లి ముహూర్తం ఒకటి, అమ్మాయి కాపురానికి వెళ్లే రోజు మరొకటి. అమెరికా వలస చట్టం కూడా ఈ రెండింటినీ వేరుగానే చూస్తుంది. అమెరికా పౌరుణ్ణి వివాహమాడి వలస వీసాపై వెళ్లిన వధువుకు రెండేళ్ల షరతు కాలం శుభలేఖపై అచ్చయిన ముహూర్తం నుంచి మొదలు కాదు. శాశ్వత నివాసిగా ఆ దేశంలో ప్రవేశం పొందిన తేదీ నుంచి మొదలవుతుంది. ఆనాటికి వివాహమై రెండేళ్లు నిండి ఉంటే అసలు షరతే ఉండదు. ఒక్కరోజు తక్కువైనా షరతు వర్తిస్తుంది. అంటే ప్రయాణపు తేదీ ఒక దంపతుల జీవితంలో రెండేళ్ల అనిశ్చితిని నిర్ణయించగలదు. దాంపత్యంపై తేదీకి ఇంతటి అధికారం ఎలా వచ్చిందన్నది చరిత్రలో వెదకవలసిన ప్రశ్న.

2. భర్త వెంట నడిచిన పౌరసత్వం (1855-1931):
1855 నాటి చట్టం ప్రకారం అమెరికా పౌరుణ్ణి వివాహమాడిన విదేశీ స్త్రీ, పౌరసత్వ స్వీకరణకు అర్హత గలదైతే, వివాహంతోనే పౌరురాలయ్యేది. దరఖాస్తు, నిరీక్షణ, గడువు అనేవి ఆమెకు లేవు. అయితే పౌరసత్వ స్వీకరణకు జాతి ప్రాతిపదికగా ఉన్న కాలమది. కాబట్టి ఈ సౌలభ్యం అందరికీ అందలేదు. 1907 చట్టం ఇదే సూత్రాన్ని తిరగవేసింది. విదేశీయుణ్ణి వివాహమాడిన అమెరికన్ స్త్రీ తన పౌరసత్వాన్ని కోల్పోయి భర్త జాతీయతను పొందుతుందని శాసించింది. కాలిఫోర్నియాకు చెందిన ఎథెల్ మెకెంజీ ఈ నిబంధనను సవాలు చేయగా, 1915లో సుప్రీంకోర్టు చట్టాన్నే సమర్థించింది.

1922 నాటి కేబుల్ చట్టం స్త్రీకి స్వతంత్ర పౌరసత్వాన్ని కొంతవరకు గుర్తించింది. కానీ పౌరసత్వానికి అనర్హుడైన విదేశీయుణ్ణి వివాహమాడిన స్త్రీకి ఆ రక్షణ లేదు. 1923 ఫిబ్రవరి 19న భగత్‌సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వ స్వీకరణకు అనర్హులని తీర్పునివ్వడంతో ఈ మినహాయింపు భారతీయులను వివాహమాడిన స్త్రీలకు నేరుగా తగిలింది. 1914లో పౌరసత్వం పొందిన బెంగాలీ జాతీయవాది తారక్‌నాథ్ దాస్‌ను 1924లో వివాహమాడిన మేరీ దాస్ పౌరసత్వం సందిగ్ధంలో పడటం ఇందుకు నిదర్శనం. 1931 సవరణతో ఈ అడ్డంకి తొలగింది. ఈ దశ మొత్తంలో స్త్రీ హోదాను నిర్ణయించినది ఆమె ఎవరిని వివాహమాడింది అనే అంశమే.

3. గడువులతో పుట్టిన చట్టాలు (1945-1952):
రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఈ ప్రశ్నకు మరొకటి తోడైంది: ఎప్పుడు వివాహమాడింది? విదేశాల్లో పెళ్లి చేసుకున్న సైనికుల భార్యలను అమెరికాకు రప్పించేందుకు 1945 డిసెంబరు 28న చేసిన యుద్ధవధువుల చట్టం మూడేళ్లకే పరిమితమైనది. లక్షకు పైగా స్త్రీలు దాని ద్వారా ఆ దేశం చేరారు. జాతి కారణంగా ప్రవేశార్హత లేని జపాన్ స్త్రీల వంటివారికి మాత్రం తలుపులు తెరుచుకోలేదు. 1947 జులై 22న వచ్చిన సవరణ వారికి అవకాశమిచ్చింది. అయితే చట్టం వెలువడిన 30 రోజుల లోపు జరిగిన వివాహాలకే అది వర్తించింది. పెళ్లికి పై అధికారి అనుమతి పొందవలసిన సైనికుడికి ఆ నెల రోజులు ఎంత స్వల్పమో ఊహించవచ్చు. ముప్పైయొకటో రోజున జరిగిన వివాహం లోకం దృష్టిలో వివాహమే, ఈ చట్టం దృష్టిలో మాత్రం ప్రయోజనం లేనిది. దాంపత్యం యథార్థమైనదా కాదా అనే విచారణతో నిమిత్తం లేకుండా, తేదీ ఒక్కటే దాని ఫలితాన్ని నిర్ణయించింది.

1946లో లూస్-సెల్లర్ చట్టం భారతీయులకు పౌరసత్వ స్వీకరణ హక్కును, ఏడాదికి 100 మంది కోటాను ఇచ్చింది. 1952 నాటి వలస, జాతీయతా చట్టం పౌరసత్వ స్వీకరణలో జాతి ఆంక్షలను తొలగించింది. 1965 చట్టం జాతీయ మూలాల కోటా పద్ధతికి స్వస్తి పలికింది. పౌరుల జీవిత భాగస్వాములకు సంఖ్యాపరిమితి లేదు. వైద్యులుగా, ఇంజనీర్లుగా ఆంధ్రదేశం నుంచి వెళ్లినవారు అక్కడ స్థిరపడి, పౌరులై, స్వస్థలంలో సంబంధాలు కుదుర్చుకొనే పద్ధతికి ఈ చట్టమే భూమిక.

4. అనుమానం శాసనమైన క్రమం (1986):
వివాహం వలసకు ప్రధాన మార్గాల్లో ఒకటి కావడంతో దానిపై అనుమానమూ పెరిగింది. వివాహం ద్వారా వచ్చే దరఖాస్తుల్లో దాదాపు 30 శాతం మోసపూరితమైనవని 1985లో వలస శాఖ కమిషనర్ అలాన్ నెల్సన్ సెనేట్ ఉపసంఘం ముందు అంచనా వేశారు. ఆ అంచనాకు ఆధారమైన సర్వే అనుమానిత కేసులను లెక్కించిందే తప్ప రుజువైన మోసాలను లెక్కించలేదనీ, గణాంకశాస్త్ర రీత్యా అది నిలవదనీ తరువాత న్యాయస్థానాల్లో తేలింది. అప్పటికే 1986 నవంబరు 10న వివాహ మోసాల నిరోధక సవరణల చట్టం అమలులోకి వచ్చింది. అంకె వీగిపోయినా శాసనం నిలిచింది.

ఈ చట్టం ప్రకారం నివాస హక్కు పొందేనాటికి వివాహమై రెండేళ్లు నిండనివారికి షరతులతో కూడిన శాశ్వత నివాసం లభిస్తుంది. రెండేళ్లు పూర్తి కావడానికి ముందున్న 90 రోజుల్లో భార్యాభర్తలిద్దరూ సంతకాలు చేసి ఉమ్మడి దరఖాస్తు సమర్పించాలి. ఐ-751 అనే పత్రం ఇందుకు ఉద్దేశించినదే. ఆ గడువులో దరఖాస్తు చేయకపోతే రెండో వార్షికోత్సవం నాటికి నివాస హోదా రద్దవుతుంది. ఆపై దేశం నుంచి పంపివేసే విచారణకు దారి ఏర్పడుతుంది.

గడువు సమీపిస్తున్నదని గుర్తుచేయడానికి ప్రభుత్వం ప్రయత్నించాలని చట్టంలోనే ఉంది. అయితే ఆ సమాచారం అందకపోయినా నిబంధన అమలుకు అడ్డు ఉండదని కూడా అందులోనే ఉంది. మరోవైపు, సమర్పించిన దరఖాస్తు పరిష్కారం కావడానికి ఏళ్లు పడుతున్నందువల్ల 2023 జనవరి నుంచి దరఖాస్తుదారుల హోదాను 48 నెలల పాటు పొడిగిస్తున్నారు. 90 రోజుల నియమం వలసదారుకు కఠినమైనది, కార్యాలయానికి కాలం సాగుతుంది. ఒకే పత్రం విషయంలో రెండు కాలమానాలు అమలవుతున్నాయన్నది గమనార్హం.

5. గడువు దాటినప్పుడు:
గడువు దాటిన వెంటనే సర్వం ముగిసిపోదు. ఆలస్యానికి తగిన కారణమూ, అనివార్య పరిస్థితులూ ఉన్నాయని లిఖితపూర్వకంగా వివరిస్తే అధికారులు ఉమ్మడి దరఖాస్తును స్వీకరించవచ్చు. ఆసుపత్రిలో చేరడం, దీర్ఘకాల అనారోగ్యం, కుటుంబంలో మరణం, ప్రసవం వంటివి అటువంటి కారణాలుగా పరిగణనలోకి వస్తాయి. అంగీకరించాలా వద్దా అన్నది మాత్రం అధికారి విచక్షణ.

అసలు చిక్కు రెండో సంతకం దగ్గర ఉంది. ఉమ్మడి దరఖాస్తుకు పౌరుడైన భాగస్వామి సంతకం కావాలి. ఆయన సంతకం చేయనంటే, 'తరువాత చూద్దాం' అంటూ వాయిదా వేస్తే, వచ్చిన ఉత్తరాలను దాచిపెడితే, గడువు దాటేది ఆమెకే. 1986 చట్టంలో ఉమ్మడి దరఖాస్తు నుంచి మినహాయింపు ఉన్నప్పటికీ, సదుద్దేశంతో జరిగిన వివాహాన్ని తగిన కారణంతో తానే రద్దు చేయించుకున్నానని వలసదారు నిరూపించవలసి వచ్చేది. భర్తే ముందుగా విడాకులు తీసుకుంటే ఆ దారి మూసుకుపోయేది.

1990 నాటి వలస చట్టం ఈ లోపాన్ని సవరించింది. విడాకులు ఎవరు కోరారన్న అంశానికి ప్రాధాన్యం తొలగించి, గృహహింసకు గురైనవారికి ప్రత్యేక మినహాయింపు కల్పించింది. 1994 నాటి స్త్రీలపై హింస నిరోధక చట్టం, భర్త ప్రమేయం లేకుండా బాధితులు స్వయంగా దరఖాస్తు చేసుకొనే మార్గాన్ని చూపింది. ఇటువంటి మినహాయింపు దరఖాస్తులకు 90 రోజుల గడువు వర్తించదు. ఉమ్మడి దరఖాస్తు గడువు దాటింది కాబట్టి ఇక దారి లేదని భావించే స్త్రీకి ఈ ఒక్క భేదం తెలియడం జీవన్మరణ సమస్య వంటిది. అయినా విడాకుల ప్రాతిపదికపై మినహాయింపు కోరితే తుది తీర్పు చేతిలో ఉండాలి. కుటుంబ న్యాయస్థానం నడక వలస కార్యాలయపు క్యాలెండరును అనుసరించదు.

6. కాపురానికి రుజువులు - తెలుగు సందర్భం:
ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వివాహాల నిర్బంధ నమోదు చట్టం వచ్చింది. నమోదు పత్రం, శుభలేఖ, తలంబ్రాల ఛాయాచిత్రాలు పెళ్లి జరిగిందనడానికి సాక్ష్యాలు. షరతు తొలగించాలంటే అవి చాలవు. కాపురం నిజమైనదని చూపాలి. ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఇద్దరి పేర్లతో ఇంటి అద్దె ఒప్పందం, బీమా, ఆదాయపు పన్ను పత్రాలు, పిల్లల జనన ధ్రువపత్రాలు ఇందుకు ఆధారాలు. కొత్తగా కాపురానికి వెళ్లిన కోడలి పేరు వీటిలో ఎన్నింటిపై ఉంటుంది? జీతం భర్త ఖాతాలో, ఇల్లు భర్త పేరున, కార్యాలయ ఉత్తరాలు భర్త ఈ-మెయిలుకు చేరే ఇంట్లో ఆమె వండిన వంటకు, చేసిన సేవకు రసీదు ఉండదు. మన సమాజంలో కాపురానికి సాక్షులు ఇరుగుపొరుగువారు, అత్తమామలు, బంధువులు. అటువంటివారి వాంగ్మూలాలను అక్కడా స్వీకరిస్తారు గానీ, ఆర్థిక పత్రాలు లేనిచోట వాటి బరువు తక్కువ. కాబట్టి కోడలి పేరున ఖాతా తెరవడం, అద్దె ఒప్పందంలో ఆమె పేరు చేర్చడం, గడువు తేదీ ఆమెకు స్వయంగా తెలిసి ఉండటం ఆమె హోదాకు ఆధారాలు.

7. మరో దేశపు అనుభవం:
ఈ పద్ధతి అనివార్యమేమీ కాదని కెనడా అనుభవం చెబుతోంది. ఆ దేశం 2012 అక్టోబరులో కొన్ని కొత్త దాంపత్యాలకు రెండేళ్ల సహజీవన షరతు విధించింది. హింసకు గురవుతున్నవారు హోదా పోతుందనే భయంతో ఆ బంధంలోనే ఉండిపోయే ప్రమాదాన్ని గుర్తించి, 2017 ఏప్రిల్‌లో దాన్ని రద్దు చేసింది. అమెరికాలో మినహాయింపులు పెరిగాయి, షరతు మాత్రం కొనసాగుతోంది.

8. ముగింపు:
పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి.

1. 1855 నుంచి 1931 వరకు విదేశీ వివాహంలో స్త్రీ హోదాను భర్త పౌరసత్వం, జాతి నిర్ణయించాయి. 1945 తరువాత ఆ స్థానంలోకి తేదీ క్రమంగా ప్రవేశించింది.

2. 1986 చట్టం కాలాన్ని నిజాయితీకి కొలమానంగా మార్చింది. అందుకు చూపిన గణాంకం నిలవకపోయినా కొలమానం నిలిచింది.

3. ఉమ్మడి సంతకం అనే నిబంధన ద్వారా 1907 నాటి సూత్రం రూపం మార్చుకొని మిగిలింది. అప్పుడు భర్త జాతీయత భార్య హోదాను నిర్ణయించేది. ఇప్పుడు పౌరుడైన భాగస్వామి సంతకం దాన్ని నిర్ణయించగలుగుతోంది.

అందువల్ల గడువు దాటిన దరఖాస్తును చూసినప్పుడు 'ఎందుకు మరచిపోయావు?' అని అడగడం చాలదు. ఆ కాగితం ఎవరి చేతిలో ఉండిపోయిందని కూడా అడగాలి. ప్రవాస తెలుగు కుటుంబ జీవితాన్ని అధ్యయనం చేసే పరిశోధకులు ఉత్తరాలతో, కథలతో పాటు ఇటువంటి దరఖాస్తు పత్రాలను కూడా ఆకరాలుగా స్వీకరించవలసి ఉంది. పెళ్లి గురించి శుభలేఖ చెప్పని సంగతులు వాటిలో నమోదై ఉంటాయి.