ఉన్నవి 80 నిమిషాలే

అమెరికా వచ్చిన తెలుగువాడికి ఇక్కడి ఆటల్లో తొందరగా అర్థమయ్యేది బాస్కెట్‌బాలే అనుకుంటాను. అమెరికన్ ఫుట్‌బాల్ ఎన్నేళ్ళు చూసినా సగమే బుర్రకెక్కింది. దీనికి ఆ బాధ లేదు. బంతి, బుట్ట, అంతే. మార్చిలో కాలేజీ టోర్నమెంటు మొదలైందంటే మా ఆఫీసులో కోడ్ రాసేవాళ్ళకన్నా బ్రాకెట్లు నింపేవాళ్ళే ఎక్కువ. నాకు మాత్రం ఆటకన్నా ఆట వెనకుండే లెక్కల మీద మోజు. ఇవాళ అందులో ఒక లెక్క గురించి.

కాలేజీ ఆట 40 నిమిషాలు. కోర్టులో జట్టుకి ఐదుగురు. అంటే కోచ్ పంచడానికి ఉన్నవి 200 నిమిషాలు. బుట్ట దగ్గర కాపలా కాసే పొడుగువాళ్ళకి సాధారణంగా రెండు స్థానాలు, అంటే 80 నిమిషాలు. ఏడడుగుల మనిషి దొరకడమే అరుదు, దొరికితే ఏ కోచ్ వదులుకోడు. అలా ఏరుకుంటూ పోతే ఒక్కోసారి ముగ్గురు నలుగురు పోగవుతారు. నిమిషాలు మాత్రం పెరగవు. పోనీ మంచివాళ్ళిద్దరే చాలనుకుందామా అంటే అదీ కుదరదు. ఐదు ఫౌల్స్ పడితే ఆటలోంచి బయటికే, ఆ గండం ఎక్కువగా ఉండేది బుట్ట దగ్గరివాళ్ళకే.

ఆపరేటింగ్ సిస్టమ్స్ చదువుకున్నవాళ్ళకి ఇది పాత లెక్కే. ప్రాసెసర్ ఒకటి, క్యూలో పనులు నాలుగు. ఎవరికెంత సమయం? తేడా అల్లా ఒక్కటే, కంప్యూటర్లో క్యూలో ఉన్న పని అలగదు.

ఈ లెక్కని కోచ్‌లు ముఖ్యంగా మూడు రకాలుగా చేశారు.

మొదటిది, ఉన్నదంతా ఒకడికే ఇవ్వడం. 1971లో యూసీఎల్‌ఏ జట్టులోకి బిల్ వాల్టన్ వచ్చాడు. కాలేజీ ఆటలో ఇప్పటికీ ఆయన్ని మించిన సెంటర్ల పేర్లు చెప్పమంటే ఒక చేతి వేళ్ళు చాలు. అదే జట్టులో స్వెన్ నేటర్ అని ఇంకో పొడుగాయన, పుట్టింది నెదర్లాండ్స్‌లో. ఇంకే కాలేజీకి వెళ్ళినా మొదటి ఐదుగురిలో ఉండగలిగినవాడే. కోచ్ జాన్ వుడెన్ ఆయనకి ముందే చెప్పేశారు: ఇక్కడ ఆడే అవకాశం పెద్దగా రాదు, కానీ దేశంలోకెల్లా గొప్ప సెంటర్‌తో రోజూ ప్రాక్టీసులో తలపడతావు, ప్రొఫెషనల్ ఆటకి తయారవుతావు అని. అన్నీ తెలిసే నేటర్ చేరాడు. ఆయన ఉన్న రెండు సీజన్లలోనూ యూసీఎల్‌ఏ ఒక్క ఆటా ఓడలేదు, 30-0, మళ్ళీ 30-0. 1973 ఫైనల్లో వాల్టన్ 22 షాట్లు వేసి 21 బుట్టలో పడేశాడు. నేటర్ అక్కడ ఆడిన ఒక్క ఆటలోనూ మొదటి ఐదుగురిలో లేడు. అయినా 1973లో ఎన్‌బీఏ డ్రాఫ్టు మొదటి రౌండ్లోనే, 16వ స్థానంలో ఎంపికయ్యాడు!

క్రికెట్ తెలిసినవాళ్ళకి ఇక్కడ రాజిందర్ గోయల్, పద్మాకర్ శివాల్కర్ గుర్తొస్తారు. ఇద్దరూ ఎడమచేతి స్పిన్నర్లే. బిషన్ సింగ్ బేడీ ఉన్నన్నాళ్ళూ ఆ చోటు ఆయనదే. రంజీల్లో గోయల్ 637 వికెట్లు తీసినా ఒక్క టెస్టూ ఆడలేదు. శివాల్కరూ అంతే. నేటర్‌కి బయట ఇంకో తలుపు ఉంది. వీళ్ళకి టెస్టు జట్టంటే ఒక్కటే.

రెండో రకం, ఇద్దరినీ కలిపి ఆడించడం. దీనికి పెట్టింది పేరు కెంటకీ. 1978లో రిక్ రోబీ, మైక్ ఫిలిప్స్ అనే ఇద్దరు పొడుగువాళ్ళతో ఛాంపియన్లయ్యారు. 1984లో అదే కోచ్ జో బి. హాల్, శామ్ బౌయీ, మెల్విన్ టర్పిన్‌లతో సెమీఫైనల్ దాకా వచ్చాడు. జార్జ్‌టౌన్ మీద సగం ఆటకి 29-22తో ముందున్నారు. రెండో సగంలో జట్టు మొత్తం 33 షాట్లు వేస్తే పడ్డవి మూడు! 53-40తో ఓడిపోయారు. ఇద్దరినీ నిలబెట్టినంత మాత్రాన బలం రెట్టింపు కాదన్నమాట.

మూడో రకం, సమానంగా పంచడం. మళ్ళీ కెంటకీయే, 2014-15. అప్పటి కోచ్ జాన్ కాలిపరి దగ్గర మంచి ఆటగాళ్ళు పదిమంది. ఏం చేశాడంటే, ఐదుగురి చొప్పున రెండు దళాలు కట్టి, కొద్ది నిమిషాలకోసారి ఒక దళాన్ని మొత్తంగా దింపి రెండోదాన్ని ఎక్కించాడు. ఒక దళంలో కార్ల్-ఆంథొనీ టౌన్స్, విల్లీ కాలీ-స్టైన్. ఇంకోదాంట్లో డకారీ జాన్సన్, మార్కస్ లీ. 80ని నలుగురికి పంచితే తలా 20. మా కంప్యూటర్ భాషలో రౌండ్ రాబిన్.

మొదట్లో అద్భుతంగా నడిచింది. నవంబరులో కాన్సస్‌ని 72-40తో కొట్టారు. డిసెంబరులో యూసీఎల్‌ఏ మీద సగం ఆటకి 41-7. అదే నెలలో అలెక్స్ పాయ్‌థ్రెస్ మోకాలు దెబ్బతినడంతో దళాల కట్టు సడలింది, అయినా నిమిషాలు పంచుకోవడం మాత్రం మానలేదు. సీజన్ మొత్తమ్మీద టౌన్స్ ఆడింది ఆటకి సగటున 21 నిమిషాలు. వరసగా 38 గెలుపులు.

39వ ఆట 2015 ఏప్రిల్ 4న, విస్కాన్సిన్ మీద సెమీఫైనల్. 71-64తో ఓడారు. ఆ రోజు 20 పాయింట్లు, 11 రీబౌండ్లతో వాళ్ళని దెబ్బకొట్టిన ఏడడుగుల ఫ్రాంక్ కమిన్‌స్కీ కాలేజీలో మొదటి రెండేళ్ళూ ఎక్కువగా బెంచి మీద కూర్చున్నవాడే. మొదటి ఏడు ఆటకి ఎనిమిది నిమిషాలైనా రాలేదు, రెండో ఏడు పదిపైన కాస్త. నాలుగో ఏడు దేశంలోకెల్లా మేటి ఆటగాడిగా జాన్ వుడెన్ పేరు మీద ఇచ్చే అవార్డు ఆయనకే దక్కింది.

దీన్నిబట్టి సమానంగా పంచడం తప్పని నేను తీర్పు చెప్పను. 20 నిమిషాలే ఆడిన టౌన్స్ ఆ ఏడే డ్రాఫ్టులో మొట్టమొదటివాడు, కాలీ-స్టైన్ ఆరోవాడు. మొత్తం ఆరుగురు కెంటకీవాళ్ళు ఎంపికయ్యారు. వాళ్ళకి ఆ పంపకం నష్టం చెయ్యలేదు. నలుగురిలో మార్కస్ లీ మాత్రం 2016లో కాలిఫోర్నియాకి మారాడు. అప్పటి నియమం ప్రకారం కాలేజీ మారినందుకు ఏడాది ఊరికే కూర్చోవాల్సొచ్చింది.

చెప్పొచ్చేదేంటంటే, కుర్రాడికి దక్కాల్సింది నిమిషాలొక్కటే కాదు. తనకెన్ని వస్తాయో ముందే నిజం చెప్పడం ఒకటి, కూర్చున్న కాలానికి కూడా ఏదో ఒక ప్రతిఫలం ముట్టడం ఇంకొకటి. నేటర్‌కి నిమిషాలు రాలేదు గానీ ఈ రెండూ వచ్చాయి.

మన కన్సల్టింగ్‌లో 'బెంచ్' అనే మాట ఆటలనుంచి తెచ్చుకున్నదే కాబట్టి ఇది మనకి పరాయి సంగతి కాదు. ఒకప్పుడు ఒక కంపెనీలో ఏడు వారాలు బెంచ్ మీదున్నాను. హెచ్-1బీ మీదున్నవాళ్ళకి ప్రాజెక్టు లేకపోయినా జీతం ఇవ్వాలని 1998 నుంచీ చట్టం ఉంది, అది సరిగానే ఇచ్చారు. కష్టం జీతం దగ్గర కాదు, ప్రతి శుక్రవారమూ "వచ్చే సోమవారం ఖాయం" అనేవారు, అక్కడ. రెండు నెలలు పడుతుందని మొదటిరోజే చెప్పుంటే ఏదైనా కొత్తది నేర్చుకునేవాణ్ణి. ఆ ఏడు వారాలూ ఫోను చూసుకోవడంతోనే సరిపోయింది.

2021లో ఎన్‌సీఏఏ నియమాలు మార్చింది. కాలేజీ మారినా ఏడాది కూర్చోనక్కర్లేదు. ఆటగాళ్ళు తమ పేరుమీద డబ్బు సంపాదించుకోవచ్చు కూడా. కుర్రాళ్ళకి ఇది న్యాయమే, బాకీ పడ్డ న్యాయం. ఇవాళ్టి నేటర్ రెండేళ్ళు వాల్టన్ వెనక కూర్చోడు, వేసవిలోనే ఇంకో కాలేజీలో తేలతాడు. కోచ్‌కిప్పుడు మాయమాటలు చెల్లవు. కానీ ఓపిగ్గా కూర్చుని నేర్చుకునే దారి కూడా సన్నగిల్లింది.

నేటర్ 1974లో ఏబీఏలో ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. 1975లో ఏబీఏలో రీబౌండ్లలో మొదటివాడు. 1979-80లో ఆయనా, వాల్టనూ శాన్ డియేగో క్లిప్పర్స్‌లో మళ్ళీ ఒకే జట్టులో కలిశారు. గాయాల వల్ల వాల్టన్ ఆ సీజన్లో ఆడింది 14 ఆటలే. ఎన్‌బీఏ మొత్తానికీ రీబౌండ్లలో మొదటి స్థానం ఆ ఏడు స్వెన్ నేటర్‌ది.