క్వాంటం పాఠానికి వాల్తేరు గ్రంథం

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం బెంగుళూరు పోయే రైలుదారిలో వరుసగా వచ్చే ఊళ్ళు. ఈ ఊళ్ళ నుంచి డిగ్రీ తరగతికి వచ్చే విద్యార్థికి క్వాంటం యాంత్రిక శాస్త్రం మొట్టమొదట ఎదురయ్యేది 'పెట్టెలోని కణం' అనే లెక్క రూపంలో. రెండు గోడల మధ్య చిక్కుకొన్న ఎలక్ట్రానుకు ఏయే శక్తులు సాధ్యమో కనుక్కోవాలి. శ్రోడింగర్ సమీకరణాన్ని సాధిస్తే ఆ శక్తులు 1, 4, 9, 16 నిష్పత్తిలో వస్తవి. విద్యార్థి దీనిని కంఠస్థం చేస్తాడు. తరంగ ప్రమేయాలు ఒకటి విడిచి ఒకటిగా రెండు జాతులుగా ఎందుకు వస్తున్నవో అడగడు. ప్రశ్నపత్రమూ సాధారణంగా అడగదు. ఆ 'ఎందుకు' వెనుక ఒక గొప్ప గణితశాఖ ఉన్నది. దానిపై పేరుపొందిన గ్రంథమొకటి మన ఆంధ్ర విశ్వవిద్యాలయం నుండే వెలువడినది.

హైసెన్‌బర్గ్ 1925లోను, శ్రోడింగర్ 1926లోను ఈ శాస్త్రానికి పునాదులు వేశారు. తరంగ ప్రమేయం కణం ఎక్కడ దొరకవచ్చునో తెలిపే సంభావ్యతను ఇస్తుందని మాక్స్ బార్న్ 1926లోనే చెప్పాడు. ఆ బార్న్ పండితుడే 1935-36లో రామన్ ఆహ్వానంపై బెంగుళూరు వచ్చి, భారత విజ్ఞాన సంస్థలో కొన్ని నెలలు పనిచేశాడు. అది హిందూపురానికి సుమారు 100 కిలోమీటర్ల దూరం!

ఆంధ్రదేశంలో ఈ శాస్త్రానికి బాట వేసినది కాంతి పరిశోధన. సూరి భగవంతంగారు 1909లో నాటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించారు. హైదరాబాదు నిజాం కళాశాలలో చదువుకొని, రామన్ ఫలితం బయటపడిన 1928లోనే కలకత్తాలో రామన్ వద్ద చేరారు. కాంతికణానికి 'స్పిన్' ఉన్నదనటానికి వారిద్దరూ కలిసి 1931లో పరిక్షేపణ ప్రయోగాల నుండి సాక్ష్యం చూపారు. 1932లో భగవంతంగారు వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు.

అక్కడ ఎదురైన చిక్కు ఇది. ఒక అణువు గాని, స్ఫటికం గాని ఎన్నో విధాల కంపిస్తుంది. ఆ కంపనాలలో రామన్ వర్ణపటంలో కనబడేవి ఏవి, దాగిపోయేవి ఏవి? అన్ని పరమాణువులకూ సమీకరణం సాధించటం మానవమాత్రులకు సాధ్యం కాదు. కాని ఆకారంలోని సౌష్ఠవం తెలిస్తే చాలు, సమీకరణం జోలికి పోకుండానే లెక్క తేలుతుంది. దీనికి సాధనం సమూహ సిద్ధాంతం. భగవంతంగారు గణితవేత్త టి. వేంకటరాయుడుగారితో కలిసి 1939లో స్ఫటికాలకు ఈ పద్ధతిని అన్వయించారు. 1948లో ఇద్దరూ కలిసి భౌతిక సమస్యలకు సమూహ సిద్ధాంతాన్ని అన్వయించే గ్రంథాన్ని ఇంగ్లీషులో ప్రకటించారు. 1959లో అది రష్యను భాషలోకి కూడా పోయినది.

సౌష్ఠవమంటే ఏమో తెలుసుకొనటానికి మన సీమవారు దూరం పోనక్కరలేదు. పెనుకొండ అధికారి విరూపణ్ణ కట్టించిన లేపాక్షి ఆలయం హిందూపురానికి దగ్గరలోనే ఉన్నది. అక్కడి లతామండపం స్తంభాల మీది అల్లికలు ధర్మవరం పట్టుచీరలకు ఎక్కినవి. చీర అంచునే చూడండి. ఒక పువ్వు దూరం పక్కకు జరిపితే అంచు మళ్ళీ అలాగే ఉంటుంది. కొన్ని అంచులను అద్దంలో చూసినా, తలక్రిందులు చేసినా మార్పు ఉండదు. కొసలు లేకుండా సాగిపోయే అంచులన్నిటినీ ఇలా పరీక్షిస్తే అవి 7 రకాలే. ఎనిమిదవది లేదని గణితంలో నిరూపణ ఉన్నది. జాకార్డు అట్టలతో వేల డిజైన్లు నేసినవారు ఈ మాట విని నవ్వవచ్చును. పువ్వులు వేలే గాని, వాటిని పేర్చే క్రమాలు ఏడే.

ఇప్పుడు పెట్టెలోని కణానికి వద్దాము. పెట్టె నడుమ అద్దం నిలిపితే కుడిగోడ ఎడమగోడ అవుతుంది, పెట్టె మాత్రం మారదు. ఒక్కొక్క శక్తికి ఒకే తరంగ ప్రమేయం ఉన్నది కనుక, అద్దంలో అది ఉన్నది ఉన్నట్లుగానైనా కనబడాలి, గుర్తు మారి ధనం ఋణంగానైనా కనబడాలి. మూడవ దారి లేదు. రెండు జాతులు అందువల్లనే వచ్చినవి.

ఈ తర్కమే అణువులకూ పనికివస్తుంది. కార్బన్ డయాక్సైడులో కార్బను నడుమ, ఆక్సిజన్లు రెండూ చెరొక వైపున ఒకే గీతపై ఉంటవి. రెండు ఆక్సిజన్లూ ఒక్కసారే బయటికి పోయి ఒక్కసారే లోపలికి వచ్చే కంపనం రామన్ వర్ణపటంలో కనబడుతుంది, పరారుణ వర్ణపటంలో కనబడదు. ఒకటి దగ్గరకు వస్తుండగా రెండవది దూరమయ్యే కంపనం పరారుణంలో కనబడుతుంది, రామన్‌లో కనబడదు. నీటి అణువు వంగి ఉంటుంది. దానికి అలాంటి సౌష్ఠవ కేంద్రం లేదు. కనుక దాని మూడు కంపనాలూ రెండింటిలోను కనబడతవి. అణువు వంకరో తిన్ననో కంటితో చూడకుండా తేల్చే ఉపాయమిది.

భగవంతంగారు తరువాత ఉస్మానియా ఉపాధ్యక్షులై, 1957 నుండి 1962 వరకు బెంగుళూరు విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగా ఉన్నారు. 1989లో గతించారు.

ఇంట్లో పట్టుచీర ఉన్న విద్యార్థి ఒక పని చేయవచ్చును. అంచును కుడి ఎడమలుగా తిప్పితే మారుతుందా? పైది కిందికి తిప్పితే మారుతుందా? సగం చుట్టు తిప్పితే? పైది కిందికి తిప్పి, సగం పువ్వు దూరం జరిపితే? ఈ నాలుగు జవాబులూ కాగితం మీద వ్రాసుకొంటే, ఆ అంచు ఏడు రకాలలో ఏ రకమో తేలిపోతుంది.