కోఠి: ఒక ఆంగ్ల సౌధము కథ

భిలాయిలోని మా వైశాలి నగరమున పెద్ద బంగళా కనిపించినచో హిందీ మాటలాడువారు దానిని 'కోఠీ' యందురు. ఆ మాట వెంటనే 'ఎవరి కోఠీ?' యను ప్రశ్న పుట్టును. సేఠుగారిదో, డాక్టరుగారిదో చెప్పినగాని మాట పూర్తికాదు. హైదరాబాదులో మాత్రము ఆ పదము యజమానిని విడిచిపెట్టి ఒక పేటకే పేరైనది. కోఠికి పోవు బస్సు నెక్కినవాడు ఎవరి కోఠి యని యడుగడు. ఆ పేరునకు మూలమైన మేడ మూసీనదికి ఉత్తరపు గట్టున నేటికిని నిలిచియున్నది. అదియే పూర్వపు బ్రిటిషు రెసిడెన్సీ. అది ఎవరి ఇల్లు? ఈ చిన్న ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసమున నా పని.

ముందుగా దాని రూపము ఎక్కడిదో చూడవలెను. ఇటలీ దేశపు శిల్పి పల్లాడియో 16వ శతాబ్దిలో ప్రాచీన రోమను దేవాలయముల ముఖమండపమును తెచ్చి గృహస్థుల మేడలకు అమర్చెను. అతని వాస్తుగ్రంథము 1570లో వెలువడినది. 18వ శతాబ్దిలో ఇంగ్లండు ప్రభువులు ఆ పద్ధతిని మిక్కిలి మెచ్చి, తమ గ్రామసీమలలో అట్టి సౌధములను కట్టించుకొనిరి. వారు వానిని 'కంట్రీ హౌస్' లందురు. డెర్బీషైరులోని కెడిల్‌స్టన్ హాల్ అట్టివానిలో ప్రసిద్ధమైనది. వెల్లస్లీ కలకత్తాలో 1799, 1803 సంవత్సరముల నడుమ కట్టించిన గవర్నమెంటు హౌసునకు ఆ మేడయే మాదిరి. గవర్నరు జనరలు ఇల్లు అట్లుండగా, సంస్థానములలోని అతని ప్రతినిధులకును ఆ ఠీవిపై కోరిక కలుగుట సహజమే కదా!

ఇంగ్లండులోని ఆ సౌధమునకు ఆధారము దాని చుట్టునున్న భూమి. కౌలుదారులు చెల్లించు శిస్తుతో అది నిలుచును. మన తెలంగాణపు గడీల సంగతియు, సర్కారు జిల్లాల జమీందారుల కోటల సంగతియు ఇంతే. కాని హైదరాబాదులోని ఈ ఆంగ్ల సౌధమునకు అట్టి సొంత భూమి లేదు. దాని వెనుక నున్నది సంధిపత్రము. 1798లో జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ రెసిడెంటుగా నుండగా నిజాము కంపెనీతో సైన్యసహకారపు ఒడంబడిక చేసికొనెను. 1800లో మరియొక సంధి జరిగినది. ఆ సైన్యపు ఖర్చునకై నిజాము వదలుకొన్న ప్రాంతములే మన దత్తమండలములు. కడప, బళ్లారి రైతుల శిస్తు కంపెనీ ఖజానాకు మళ్లిన కొలది కాలమునకే ఈ మేడకు పునాదులు పడినవి. కట్టడపు సొమ్మును నిజామే యిచ్చెను.

స్థలము సంపాదించుటను గూర్చి ఒక వినోదకథ చెప్పుదురు. కిర్క్‌పాట్రిక్ మొదట పెద్ద కాగితముపై గీయించిన పటమును చూపగా నిజాము నిరాకరించెనట. తన రాజ్యపు పటము సైతము అంత పెద్దది కాదే యని ఆయన సందేహము. అదే స్థలమును చిన్న కాగితముపై గీయించి చూపగా వెంటనే సమ్మతించెనట. కథ నిజమైనను కాకున్నను, కంపెనీవారు భూమి నడుగు తీరును లోకము బాగుగనే కనిపెట్టినది.

నిర్మాణము 1803 ప్రాంతమున ఆరంభమైనది. మద్రాసు సైన్యపు ఇంజనీరు లెఫ్టినెంటు శామ్యూల్ రస్సెల్ దానికి రూపకర్త. విశాలమైన మెట్లకు ఇరువైపుల రెండు సింహములు. మెట్ల పైన ఆరు మహాస్తంభములు, వాని తలలపై కొరింథియను పద్ధతి ఆకుల గుత్తులు. ఆపైన త్రికోణపు నొసటిపై కంపెనీ రాజచిహ్నము. లోపల రెండంతస్తుల ఎత్తు గల దర్బారు హాలు. దూరమునుండి చూచినవానికి ఇది యంతయు పాలరాయి యనిపించును. కాని లోపల నున్నవి ఇటుకయు సున్నమును. రోమను స్తంభమునకు నునుపు నిచ్చినది మన సున్నపు పూత పనితనము. రూపము పరదేశమునుండి వచ్చినది. దేహము ఈ మట్టిదే.

ఈ గంభీరమైన ముఖమునకు వెనుక వేరొక ఇల్లుండెను. కిర్క్‌పాట్రిక్, మీర్ ఆలం బంధువర్గమునకు చెందిన ఖైరున్నీసాను వివాహమాడి, ఆమెకై రంగమహలు అను జనానాను కట్టించెను. ఘోషాలో నుండి మేడ ముందరిభాగమును చూడజాలని ఆమెకొఱకు, ఆ సౌధపు చిన్న నమూనాను తోటలో కట్టించెనని చెప్పుకొందురు. 1805లో వారి బిడ్డలిద్దరిని ఇంగ్లండునకు పంపివేసిరి. ఆ యేడాదియే కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో మరణించెను. మేడ పూర్తియగుట అతడు చూడలేదు. తల్లి తన బిడ్డలను మరల చూడలేదు. తరువాతి కాలపు దొరలు రంగమహలును పడగొట్టించిరి. అధికారము చూపు ముఖము మిగిలినది, కాపురమున్న ఇల్లు పోయినది.

1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వమున రోహిలాలు ఈ రెసిడెన్సీపై దాడి చేసిరి. దాడి విఫలమైనది. తుర్రెబాజ్ ఖాన్ చంపబడెను, మౌల్వీ అండమానుకు పంపబడెను. ఈ ఇల్లు ఎవరిదను ప్రశ్నను నగరము ఆయుధములతో అడిగిన దినమది.

1947లో రెసిడెంట్లు వెడలిపోయిరి. 1949లో మహిళా కళాశాల ఈ భవనమునకు వచ్చినది. ఒక స్త్రీ తన కంటితో చూడలేకపోయెనని చెప్పుకొను మెట్లపై వేలకొలది బాలికలు పుస్తకములతో ఎక్కిరి, దిగిరి. కాలక్రమమున కప్పులు కురిసినవి, పూత రాలినది. పలు సంవత్సరముల జీర్ణోద్ధారణ పిమ్మట 2023లో భవనము మరల తెరువబడినది. ఆ విద్యాలయము విశ్వవిద్యాలయమై, 2024లో చాకలి ఐలమ్మ పేరును ధరించినది. గడీ దొరను ఎదిరించి తన భూమిని నిలుపుకొన్న స్త్రీ ఆమె.

సంధివలన లేచిన మేడకు సేద్యపు భూమికై పోరాడిన స్త్రీ పేరు వచ్చుట చరిత్ర చేసిన న్యాయము అని నేను తొందరపడి చెప్పను. రంగమహలు తిరిగి రాదు, దత్తమండలముల రైతు చెల్లించిన శిస్తును తిరిగి రాదు. కాని మా భిలాయిలో వలె హైదరాబాదులోను ఎవరైన 'ఎవరి కోఠీ?' యని అడిగినచో, కట్టించినవాని పేరొక్కటే చెప్పి ఊరకుండరాదు. సొమ్మిచ్చినవానిని, ఇటుక మోసినవానిని, వెనుకవాకిట వేచినదానిని, ఇప్పుడు అందు చదువుకొనుచున్నదానిని కూడ చెప్పవలెను.