పనిచోట హింస – యజమాని బాధ్యత: ఒక చారిత్రక పరిశీలన

దూరవిద్యలో చేరిన మీలో చాలామంది ఏదో ఒక ఉద్యోగం చేస్తూనే చదువుకొంటున్నారు. కొన్నేళ్ళ క్రితం ఒక కాంటాక్టు తరగతిలో కార్మిక చట్టాల చరిత్ర చెబుతుండగా వెనక బెంచీ నుంచి ఒక ఆశా కార్యకర్త లేచి ఇలా అడిగారు: "సార్, రాత్రిపూట కాన్పు కేసులకు తోడు వెళ్తుంటాం. తిరిగి వచ్చేటప్పుడు దారిలో ఎవడైనా మీద పడితే అది నేరం కిందికి వస్తుందా, డ్యూటీలో జరిగిన ప్రమాదం కిందికి వస్తుందా?" రెండింటి కిందికీ రావాలి అన్నాను. ఇంటికి వెళ్ళాక ఆలోచిస్తే, ఆ 'రావాలి' అన్న మాట వెనక నూరేళ్ళకు పైబడిన చరిత్రను నేను ఒక్క ముక్కలో దాటేశాననిపించింది. ఆ చరిత్రే ఈ పాఠం.

పనిచోట ఉద్యోగి దెబ్బ తింటే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండు ఇచ్చిన జవాబు కరకుగా ఉండేది. 1837లో ప్రీస్ట్‌లీ వర్సెస్ ఫౌలర్ అనే కేసు వచ్చింది. ఒక మాంసం వ్యాపారి దగ్గర పనిచేసే కుర్రవాడు సరుకు బండి విరిగిపడి గాయపడ్డాడు. యజమాని నష్టపరిహారం ఇవ్వనక్కరలేదని కోర్టు తేల్చింది. ఆ తీర్పు నుంచి ఒక సూత్రం పుట్టుకొచ్చింది: పనిలో ఉండే అపాయాలకు, తోటి పనివాళ్ళ తప్పులవల్ల వచ్చే వాటికి సైతం, ఒప్పుకొనే పనివాడు కొలువులో చేరాడని భావించాలి. ఒప్పుకోకపోతే కూలి దొరకని మనిషి ఏ విధంగా ఒప్పుకొన్నట్లో ఆనాటి న్యాయమూర్తులు పెద్దగా ఆలోచించలేదు.

మన దేశంలో తొలి ఫ్యాక్టరీ చట్టం 1881లో వచ్చింది. చిన్నపిల్లల పనిగంటలపై పరిమితి, ప్రమాదకరమైన యంత్రాల చుట్టూ రక్షణ కంచె దానిలో ప్రధానమైన అంశాలు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో కూడా భద్రతకు సంబంధించిన అధ్యాయం చాలావరకు యంత్రాల గురించీ, నిప్పు గురించీ, విషవాయువుల గురించే మాట్లాడుతుంది. మనిషి వల్ల మనిషికి కలిగే అపాయం అందులో దాదాపు కనిపించదు. ఒక్కచోట మాత్రం పరోక్షంగా తొంగిచూస్తుంది. రాత్రి ఏడు గంటల తరవాత స్త్రీలు ఫ్యాక్టరీలో పనిచేయరాదన్న నిబంధనను గమనించండి. చీకటిలో అపాయం ఉందని శాసనకర్తలకు తెలుసు. కాని ఆ అపాయాన్ని తొలగించే భారం యజమానిపై పెట్టకుండా స్త్రీనే ఇంటికి పంపారు.

హత్య 'ప్రమాదం' అవుతుందా?

1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం ఒక పెద్ద మార్పు. యజమాని తప్పును కార్మికుడు రుజువు చేయనక్కరలేదు. గాయం 'ప్రమాదం' వల్ల కలగాలి. ఆ ప్రమాదం ఉద్యోగం కారణంగానూ, ఉద్యోగం చేస్తున్న సమయంలోనూ జరగాలి. ఈ మాటలు ఇంగ్లీషు చట్టం నుంచి తెచ్చుకొన్నవి. కనుక వీటి అర్థం తెలియాలంటే రెండు ఇంగ్లీషు కేసులు చూడాలి. రెండూ ఆసక్తికరమైనవే.

మొదటిది 1910 నాటిది. ఒక బొగ్గు గని గుమాస్తా కూలీలకు ఇవ్వాల్సిన జీతాల డబ్బు సంచితో రైల్లో వెళ్తుండగా ఎవరో కాల్చి చంపి డబ్బు దోచుకొన్నారు. హత్య అంటే కావాలని చేసిన పని, అది ప్రమాదం ఎలా అవుతుందని యజమానుల వాదన. చంపినవాడి వైపు నుంచి చూస్తే అది ఉద్దేశపూర్వకమే, చనిపోయినవాడి వైపు నుంచి చూస్తే అది అనుకోని ఆపదే అని కోర్టు చెప్పింది. పైగా డబ్బు మోసుకెళ్ళే ఉద్యోగంలో ఆ ఆపద ఇమిడే ఉంటుందని కూడా చెప్పింది. నాలుగేళ్ళకు ఐర్లండులోని ట్రిమ్ అనే ఊరి కేసు హౌస్ ఆఫ్ లార్డ్స్‌కు వెళ్ళింది. అక్కడి పారిశ్రామిక పాఠశాలలో అల్లరి పిల్లలను అదుపులో పెట్టే ఉపాధ్యాయుణ్ణి విద్యార్థులే కూడబలుక్కొని కొట్టి చంపారు. ఏడుగురు న్యాయమూర్తులలో నలుగురు దానిని ప్రమాదం అన్నారు, ముగ్గురు కాదన్నారు. నలుగురి మాటే నిలిచింది.

ఈ రెండు తీర్పులూ 2000 సంవత్సరంలో మన సుప్రీంకోర్టులో మళ్ళీ వినిపించాయి. నాగాలాండ్‌లోని దిమాపూర్‌లో 1995లో ఒక ఆటో డ్రైవరును ప్రయాణికులుగా ఎక్కినవాళ్ళే చంపి ఆటో ఎత్తుకుపోయారు. ఆటో మళ్ళీ దొరకలేదు. అతని భార్య రీటా దేవి పరిహారం కోరింది. దొంగల అసలు ఉద్దేశం ఆటోను కాజేయడం, ఆ క్రమంలో జరిగిన హత్య డ్రైవరుకు సంబంధించినంతవరకు ప్రమాదమే అని కోర్టు నిర్ణయించింది. అసలు ఉద్దేశమే ఫలానా మనిషిని చంపడమైతే మాత్రం అది ఉత్త హత్య, ప్రమాదం కాదని కూడా గీత గీసింది.

మీరు ఇక్కడ ఒక విషయం గుర్తించాలి. ఈ తీర్పులన్నీ మనిషి పోయిన తరవాత లెక్క తేల్చేవి. జీతాల సంచితో గుమాస్తాను ఒంటరిగా ఎందుకు పంపారు, ఆ ఉపాధ్యాయుడికి తోడు ఎందుకు లేదు అన్న ప్రశ్నలకు నష్టపరిహార చట్టంలో చోటు లేదు.

1973 నవంబరు 27న ముంబయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రి నేలమాళిగలో నర్సు అరుణా శాన్‌బాగ్‌పై అదే ఆసుపత్రిలో పనిచేసే స్వీపరు కుక్కల గొలుసుతో దాడి చేశాడు. మెడకు బిగిసిన గొలుసు వల్ల మెదడుకు ప్రాణవాయువు అందక ఆమె స్పృహ కోల్పోయింది. 2015 మేలో చనిపోయేవరకు, దాదాపు 42 ఏళ్ళు, ఆ ఆసుపత్రి నర్సులే తరం తరవాత తరంగా ఆమెకు సేవ చేశారు. దాడి చేసినవాడికి హత్యాయత్నం, దోపిడీ నేరాల కింద ఏడేళ్ళ శిక్ష పడింది. ఆమె పేరు మన న్యాయచరిత్రలో కారుణ్య మరణం గురించిన 2011 నాటి తీర్పుతో ముడిపడి ఉంది. ఒక ఉద్యోగి పనిచోటనే దాడికి గురైన కేసుగా మన పాఠ్యపుస్తకాలు దానిని అరుదుగా చెబుతాయి. నేను కూడా చాలా ఏళ్ళు అలాగే చెప్పాను.

భటేరీలో జరిగింది

రాజస్థాన్ ప్రభుత్వం 1984లో మహిళాభివృద్ధి కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. ఊరికొక 'సాథిన్'ను, అంటే తోడుగా నిలిచే మనిషిని, ఎంపిక చేసి కొద్దిపాటి గౌరవ వేతనం ఇచ్చేవారు. జైపూర్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని భటేరీ గ్రామంలో కుమ్మరి కులానికి చెందిన భన్వరీ దేవి 1985లో సాథిన్‌గా చేరారు. కూలి రేట్లు, నీళ్ళు, ఆడపిల్లల చదువు వంటి విషయాలపై పనిచేస్తున్నంత కాలం ఊరు ఆమెను భరించింది.

1992లో ప్రభుత్వం అక్షయ తృతీయ రోజుల్లో జరిగే బాల్యవివాహాలను అరికట్టాలని సంకల్పించింది. 1929 నుంచీ చట్టం ఉంది, అమలు లేదు. ఆ అమలు భారం సాథిన్‌ల మీద పడింది. ఊళ్ళో బలమైన కులానికి చెందిన ఒక కుటుంబం ఏడాది కూడా నిండని పసిపాపకు పెళ్ళి తలపెట్టింది. భన్వరి వెళ్ళి నచ్చజెప్పబోయారు. తరవాత అధికారులు, పోలీసులు వచ్చి ఆపారు. వాళ్ళు వెళ్ళిపోయాక పెళ్ళి జరిగిపోయింది. జీపులో వచ్చినవాళ్ళు జీపులో వెళ్ళారు, ఊళ్ళో మిగిలింది భన్వరి ఒక్కరే. పోలీసులను పిలిపించింది ఆమేనని ఊరు నమ్మింది. ఆ కుటుంబాన్ని వెలివేశారు, వాళ్ళు చేసిన కుండలు కొనడం మానేశారు. సెప్టెంబరు 22న ఆమె, ఆమె భర్త పొలంలో పనిచేసుకొంటుండగా ఐదుగురు వచ్చి భర్తను కొట్టి, ఆమెపై సామూహిక అత్యాచారం చేశారని ఫిర్యాదు. వైద్యపరీక్ష జరిగేసరికి రెండు రోజులు దాటిపోయింది. 1995లో కింది కోర్టు నిందితులను అత్యాచార అభియోగం నుంచి విడుదల చేసి, చిన్న నేరాలకు మాత్రం శిక్ష వేసింది. అప్పీలు ఏళ్ళ తరబడి కదలలేదు.

మన పాఠానికి ముఖ్యమైనది ప్రభుత్వ వైఖరి. దాడి ఆమె సొంత పొలంలో జరిగింది కనుక యజమానిగా తమకు బాధ్యత లేదన్నట్లుగా ప్రభుత్వం వ్యవహరించింది. 1923 నాటి రెండు షరతులను గుర్తు చేసుకోండి. దాడి ఉద్యోగం కారణంగానే జరిగింది. కాని ఉద్యోగం చేస్తున్న సమయంలో జరగలేదు. ఫ్యాక్టరీ కార్మికుడికి గేటు దాటితే పని అయిపోతుంది. ఊరి మధ్య ఉంటూ ఊరి ఆచారాన్ని ప్రశ్నించే పని అప్పగించిన మనిషికి గేటు ఎక్కడుంటుంది?

'విశాఖ' అనే సంస్థతో పాటు మరికొన్ని మహిళా సంఘాలు సుప్రీంకోర్టులో రిట్ పిటిషన్ వేశాయి. 1997 ఆగస్టు 13న ప్రధాన న్యాయమూర్తి జె.ఎస్. వర్మ, జస్టిస్ సుజాతా మనోహర్, జస్టిస్ బి.ఎన్. కిర్పాల్‌తో కూడిన ధర్మాసనం తీర్పు ఇచ్చింది. సమానత్వం, వృత్తి స్వేచ్ఛ, జీవించే హక్కు అనే ప్రాథమిక హక్కులకు, 1993లో మన దేశం ఆమోదించిన ఐక్యరాజ్యసమితి మహిళా ఒడంబడికకు కట్టుబడి, చట్టం వచ్చేవరకు అమలయ్యే మార్గదర్శకాలను రూపొందించింది. జరగకుండా చూడటం యజమాని విధి అని స్పష్టంగా చెప్పడం ఇందులోని కొత్తదనం. జీతమైనా, గౌరవ వేతనమైనా, స్వచ్ఛంద సేవ అయినా తేడా లేదని కూడా అందులో ఉంది. ఆ ఒక్క మాట సాథిన్‌కూ, అంగన్‌వాడీ కార్యకర్తకూ, ఆశా కార్యకర్తకూ ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఆ తీర్పులో భన్వరి పేరు లేదు. రాజస్థాన్‌లోని ఒక గ్రామంలో ఒక సామాజిక కార్యకర్తపై జరిగిన ఘాతుకం అని క్లుప్తంగా ప్రస్తావించి, అది వేరే క్రిమినల్ విచారణలో ఉందని పక్కన పెట్టారు. మార్గదర్శకాలలో అధిక భాగం ఆఫీసు లోపలి వేధింపుల గురించి. బయటివాళ్ళు వేధిస్తే బాధితురాలికి యజమాని సాయపడాలని మాత్రం ఒక అంశం చేర్చారు. భన్వరిపై దాడి చేసినవాళ్ళు ఆమె సహోద్యోగులూ కారు, పై అధికారులూ కారు. ఆమె వల్ల పుట్టిన నియమంలో ఆమె పరిస్థితికి దక్కింది ఆ చివరి అంశమే. దీనిని ఆ తీర్పు లోపంగా చూపడం నా ఉద్దేశం కాదు. ఏ చట్టమూ లేని చోట అది ఒక దారి వేసింది. కాని దారి ఎటు మళ్ళిందో చరిత్ర విద్యార్థి గమనించాలి.

2013లో వచ్చిన చట్టం ఈ విషయంలో ఒక అడుగు ముందుకు వేసింది. పనిచోట తారసపడే ఇతరుల నుంచి కూడా రక్షణ ఉండేలా చూడటం యజమాని విధి అని 19వ సెక్షన్ చెబుతుంది. యజమాని ఏర్పాటు చేసిన వాహనం కూడా పనిచోటే అంటుంది. ఈ రెండో మాటకు బెంగళూరులో 2005 డిసెంబరులో జరిగిన ఘటనతో పోలిక ఉంది. రాత్రి షిఫ్టుకు బయలుదేరిన ఒక కాల్ సెంటర్ ఉద్యోగినిని క్యాబ్ డ్రైవరుగా వచ్చినవాడే హత్య చేశాడు. కర్ణాటక కార్మిక శాఖ ఆ కంపెనీ మేనేజింగ్ డైరెక్టరుపై ప్రాసిక్యూషన్ మొదలుపెట్టింది. దానిని కొట్టివేయాలన్న ఆయన అభ్యర్థనను 2008లో సుప్రీంకోర్టు అంగీకరించలేదు.

మన దగ్గర

అదే 2008లో అప్పటి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆసుపత్రులపై, వైద్య సిబ్బందిపై దాడులను నిరోధించే చట్టం చేసింది. మూడేళ్ళ వరకు జైలు, బెయిలు దొరకని నేరం. పేషెంటు చనిపోతే డ్యూటీ డాక్టరును కొట్టే ఘటనలకు ఇది అవసరమే. కాని ఆ చట్టం గురి దాడి చేసినవాడి మీదే. రాత్రి వార్డులో ఎంతమంది సిబ్బంది ఉండాలి, విశ్రాంతి గదికి గడియ ఉండాలా అన్న ప్రశ్నలు దానికి పట్టవు. 2020లో కరోనా కాలంలో అంటువ్యాధుల చట్టానికి చేసిన సవరణా అదే పద్ధతి. శిక్ష పెంచడం శాసనకర్తకు సులభం, ఖర్చు లేని పని. గడియ బిగించాలంటే బడ్జెట్ కావాలి.

2019 నవంబరు 4న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్‌లో తహసీల్దార్ విజయారెడ్డిని ఆమె కార్యాలయ గదిలోనే పెట్రోలు పోసి తగలబెట్టారు. కాపాడబోయిన డ్రైవరు కూడా కాలిన గాయాలతో చనిపోయాడు. భూమి పట్టా వివాదం దానికి నేపథ్యం. భూరికార్డుల విధానం రూపొందించేది పైవాళ్ళు, దాని మీది కోపాన్ని ఎదుర్కొనేది బల్ల ముందు కూర్చున్న ఉద్యోగి. భటేరీ జీపు కథే మరో రూపంలో. ఆ రోజుల్లో కర్నూలు జిల్లాలో ఒక తహసీల్దారు తన బల్లకు ముందు అడ్డంగా తాడు కట్టించుకొన్నారని పత్రికల్లో వచ్చింది. చాలామంది నవ్వుకొన్నారు. నాకు నవ్వు రాలేదు. యజమాని వేయాల్సిన కంచెను ఉద్యోగి తాడుతో వేసుకొన్నారు, అంతే.

2024 ఆగస్టు 9న కోల్‌కతా ఆర్.జి. కర్ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టరు విశ్రాంతి కోసం వెళ్ళిన సెమినార్ హాలులో అత్యాచారానికి, హత్యకు గురైంది. నేరం రుజువైనవాడు పోలీసులకు అనుబంధంగా పనిచేసే వలంటీరు. సుప్రీంకోర్టు తనంత తానుగా కేసు చేపట్టి జాతీయ టాస్క్‌ఫోర్స్‌ను నియమించినప్పుడు విశ్రాంతి గదులు లేకపోవడం, 36 గంటల డ్యూటీలు, రాత్రి ప్రయాణానికి వాహనం లేకపోవడం వంటి విషయాలను తన ఉత్తర్వులో పేర్కొంది. గదులు, గంటలు, వాహనాలు – ఇవి శిక్షాస్మృతి మాటలు కావు, 1881 నాటి ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరుకు పరిచయమైన మాటలు.

విశాఖ తీర్పు పెద్దది కాదు, ఒక పూటలో చదవవచ్చు. మీ అధ్యయన కేంద్రం గ్రంథాలయంలో దొరికితే తెచ్చుకొని, బయటివాళ్ళ వల్ల కలిగే వేధింపుల గురించి అందులో ఎన్ని వాక్యాలున్నాయో లెక్కపెట్టండి. పక్కనే 2013 చట్టం 19వ సెక్షన్ పెట్టుకొని పోల్చండి. తరవాత మీరు పనిచేసే చోట ఆ సెక్షన్ ప్రకారం ఏమేమి ఉన్నాయో ఒక కాగితం మీద రాసి, వచ్చే తరగతికి తీసుకురండి.